పాత చేపల పడవకు లైవ్‌వెల్: పైపు కొనేముందు తేల్చుకోవాల్సినవి

చెన్నై వైపు కాసిమేడులోనో పులికాట్‌లోనో పాత ఫైబర్ పడవ కొని బాగుచేసుకుంటున్నవాళ్ళు లైవ్‌వెల్ (ఎరనూ చేపలనూ బతికించి ఉంచే నీళ్ళ తొట్టి) దగ్గరికి వచ్చేసరికి మొదట పంపు గురించే అడుగుతారు. ఎన్ని లీటర్లది తీసుకోవాలి, ఏ కంపెనీది మంచిది అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. ముందు తేలాల్సింది, మీ పడవ రాత్రిపూట ఇసుక మీద ఉంటుందా నీళ్ళలో ఉంటుందా అన్నది. ఆ తరువాత, మీరు రోజూ దాటి వెళ్ళే నీళ్ళు ఎలాంటివి అన్నది. ఈ రెండూ తేలితే పడవకు ఎన్ని చిల్లులు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా అన్నది దాదాపు తేలిపోయినట్టే.

బతికిన ఎరతో గేలం వేసేవాళ్ళకు ఈ తొట్టి ఎందుకో చెప్పక్కర్లేదు. పండుగప్పకు బతికిన రొయ్య, వంజరానికీ పెద్ద పారకూ బతికిన కవళ్ళు. కొందరికి ఎర కోసం కాదు, పట్టిన చేప ఒడ్డుదాకా ప్రాణంతో రావాలని. ఎందుకైనా తొట్టి చేయాల్సిన పనులు మూడు: ఆక్సిజన్ అందించాలి, చేపలు వదిలే మురికిని బయటికి పంపాలి, నీళ్ళను వేడెక్కనివ్వకూడదు.

మన దగ్గర ఈ మూడో పనే కష్టం. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్ళు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచుకోగలవు. అదే వేడిలో సముద్రపు నీళ్ళు 6.2 దగ్గరే ఆగిపోతాయి. వేడి పెరిగేకొద్దీ నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకేమో ఇంకా ఎక్కువ కావాలి. దీనికి తోడు చేపలు వదిలే అమోనియా వేడి నీళ్ళలో, అందులోనూ సముద్రపు నీళ్ళలాంటి క్షార గుణం ఉన్న నీళ్ళలో, మరింత విషంగా మారుతుంది. అందుకే చల్లటి దేశాలవాళ్ళు వీడియోల్లో చూపించే అమరికను ఉన్నదున్నట్టు దించుకుంటే చెన్నై మే నెలలో పని జరగదు.

ఇసుక మీదికి లాగే పడవ

కోవళం, నీలాంకరై, మెరీనా పక్కన నొచ్చికుప్పం లాంటి చోట్ల ఫైబర్ పడవలు రోజూ అలల్లోంచి వచ్చి ఇసుక మీదికి ఎక్కుతాయి. మీదీ అలాంటి పడవైతే అడుగున చిల్లు పెట్టే ఆలోచన మానేయండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. అడుగున బయటికి పొడుచుకుని ఉండే ఏ ఫిటింగైనా లాగేటప్పుడు ఇసుకకు రాసుకుంటుంది, వంకరపోతుంది, ఒక రోజు విరుగుతుంది. విరగకపోయినా దానిలో ఇసుక చేరుతుంది, ఆ ఇసుకే మరునాడు పంపులో తిరిగే రెక్కలను అరగదీస్తుంది.

ఇలాంటి పడవకు రెండు దారులున్నాయి. ఒకటి, విప్పి పెట్టుకునే పంపు. నీళ్ళలో మునిగి పనిచేసే 12 వోల్టుల పంపును గట్టి పీవీసీ గొట్టం చివర బిగించి, పడవ వెనక పలకకు బ్రాకెట్ మీద నిలబెట్టాలి. అలలు దాటాక కిందికి దించి, వల లాగేటప్పుడో ఒడ్డుకు వచ్చేటప్పుడో పైకి తీసేయొచ్చు. పొడుగు షాఫ్టు ఇంజను ఉంటే ప్రొపెల్లరు ఊగే వైపు కాకుండా రెండో వైపు బిగించాలి. లంగరు వేసినప్పుడు, మెల్లగా వెళ్ళేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. వేగంగా వెళ్తున్నప్పుడు మాత్రం గాలి పీలుస్తుంది, నీళ్ళు రావు. అందుకని దీనికి జతగా ఒక ఎయిర్ పంపు తప్పనిసరి.

రెండో దారి, పంపు ఊసే లేకుండా గాలితోనే నడపడం. కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపులు, గాలి రాళ్ళు అన్నీ దొరుకుతాయి. 40 లీటర్ల తొట్టి, పదిలోపు చేపలు, గంటా రెండు గంటల వేట అయితే ఇది చాలు. కానీ గాలి బుడగలు ఆక్సిజన్ ఇస్తాయే తప్ప అమోనియాను తీసేయవు, వేడినీ తగ్గించవు. కాబట్టి అరగంటకోసారి మూడో వంతు నీళ్ళు బకెట్టుతో మార్చాలి. చేతిపనే అయినా చెడిపోయేది ఏదీ లేని పద్ధతి ఇది. లంగరు వేసి ఒకే చోట కూర్చునేవాళ్ళకైతే పక్కన నీళ్ళలో వేలాడదీసే వల బుట్ట ఇంకా మేలు. సముద్రమే తొట్టి అవుతుంది.

నీళ్ళలోనే ఉండే పడవ

పులికాట్ సరస్సులోనో ముట్టుకాడు వెనకజలాల్లోనో హార్బరులోనో కట్టి ఉంచే పడవకు అడుగున ఇన్‌లెట్, అంటే నీళ్ళు లోపలికి తీసుకునే చిల్లు, పెట్టొచ్చు. బయటి నీళ్ళను ఎడతెగకుండా లోపలికి పంపి, నిండినదాన్ని బయటికి వదిలే పద్ధతి ఇది. తాజా నీళ్ళు వస్తూనే ఉంటాయి గనక ఆక్సిజను, మురికి, వేడి మూడూ ఒకేసారి తీరుతాయి. వీలున్న చోట ఇంతకు మించింది లేదని నా నమ్మకం. అయితే పాత పడవకు అడుగున కొత్త చిల్లు పెట్టడం చిన్న నిర్ణయం కాదు, ఇక్కడ తొందరపడకండి.

చిల్లు పెట్టే ముందు ఆ చోటంతా చిన్న సుత్తితో తట్టి వినండి. గట్టి ఫైబర్ ఖంగుమంటుంది, లోపల నాని పుచ్చిన చెక్క ఉంటే మొద్దుగా వినపడుతుంది. చాలా పాత పడవల్లో వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది, దానికే ముందు తడి పడుతుంది. చిల్లు కోశాక లోపల చెక్క కనిపిస్తే దాన్ని చుట్టూ కొంత తొలిచి, ఎపాక్సీతో (గట్టిగా పట్టే ఒక రకం రెజిన్) నింపి, ఆరాక మళ్ళీ అసలు కొలతకు తొలవాలి. అప్పుడు ఫిటింగు తగిలేది ఎపాక్సీకే, చెక్కకు కాదు.

పాత చిల్లులు ఉంటే వాటినే వాడేద్దాం అనిపిస్తుంది. చోటు సరైనదైతే వాడండి. కాకపోతే మూసేయండి, కానీ పుట్టీ పెట్టి మూయొద్దు. మందానికి పన్నెండు రెట్లు దూరం వరకు అంచును ఏటవాలుగా అరగదీసి, గ్లాస్ మ్యాట్ పొరలు వేసి నింపాలి. 6 మిల్లీమీటర్ల మందమైతే చుట్టూ 72 మిల్లీమీటర్లు. ఇక్కడ పాలియెస్టర్ రెజిన్ చవక, పడవ కట్టేవాళ్ళందరికీ అదే అలవాటు. కొత్త పడవకు అది సరిపోతుంది. పాత ఫైబర్ మీద అతుకు వేసేటప్పుడు మాత్రం ఎపాక్సీ ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది. నీటి గీతకు కింద ఉండే అతుకుకు ఆ ఖర్చు పెట్టండి.

ఇన్‌లెట్‌ను వెనక భాగంలో, పడవ ఎటు వంగినా నీళ్ళలోనే ఉండే చోట, ప్రొపెల్లరుకు ఎదురు పడకుండా పెట్టాలి. దాని మీదే వాల్వు, వాల్వు మీదే పంపు. సెంట్రిఫ్యూగల్ పంపు (రెక్కలు తిప్పి నీళ్ళు తోసేది) గాలిని లాగలేదు, నీళ్ళు వాటంతట అవే వచ్చి నిండే ఎత్తులో అది ఉండాలి. పంపు నుంచి తొట్టికి వెళ్ళే గొట్టం ఎక్కడా కిందికి దిగకుండా ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఎత్తుపల్లాలుంటే గాలి అక్కడ చిక్కుకుని, పంపు తిరుగుతున్నా నీళ్ళు రావు. పంపు చెడిపోయిందనుకుని మార్చేసేవాళ్ళలో చాలామందికి అసలు సమస్య ఈ గొట్టమే.

గొట్టం తొట్టిలోకి నీటి మట్టానికి పైన చేరాలి. అడుగు నుంచి చేర్చితే పంపు ఆగగానే తొట్టి నీళ్ళు వెనక్కి జారిపోతాయి. దానికి విరుగుడుగా చెక్ వాల్వు (నీళ్ళను ఒకే వైపు పోనిచ్చేది) పెట్టమని కొందరు చెబుతారు, నేను వద్దంటాను. ఇంత చిన్న పంపుకు అది అడ్డుగోడే, పైగా పొలుసులూ ఇసుకా దానిలోనే చిక్కుతాయి.

దాటి వెళ్ళే నీళ్ళు

కాసిమేడు హార్బరు లోపలి నీళ్ళను తొట్టిలోకి తీసుకుంటే మీ ఎర మీద ఆశ వదులుకోవాలి. కూవం, అడయారు నదుల ముఖాల దగ్గరా అంతే. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వరదలప్పుడు ఎన్నూరు క్రీక్‌లో చమురు పరుచుకున్నది ఆ వైపు పడవవాళ్ళెవరూ మర్చిపోలేదు. పులికాట్ కథ వేరు. ఈశాన్య రుతుపవనాల్లో వరద నీరు చేరి సరస్సులో ఉప్పదనం బాగా పడిపోతుంది. సముద్రంలో పట్టిన కవళ్ళను తొట్టిలో పెట్టుకుని ముఖద్వారం దాటి సరస్సులోకి వచ్చారంటే, పంపు ఆగకుండా పోసే కొత్త నీళ్ళే వాటిని దెబ్బతీస్తాయి.

ఈ కారణం చేతనే హార్బరు నుంచి బయల్దేరేవాళ్ళకు, ముఖద్వారం దాటేవాళ్ళకు రెండు పద్ధతులూ కలిపిన అమరిక చెబుతాను. బయటి నీళ్ళు లాగే పంపు ఒకటి, తొట్టిలోని నీళ్ళనే తీసి మళ్ళీ తొట్టిలోకి చిమ్మే చిన్న పంపు ఇంకొకటి. శుభ్రమైన సముద్రపు నీళ్ళలో మొదటిది, మురికిలోకో సరస్సులోకో వస్తుండగా వాల్వు మూసి రెండోది. ఒకే పంపుకు మూడు దారుల వాల్వు పెట్టి రెండు పనులూ చేయించవచ్చు, చోటూ డబ్బూ కలిసొస్తాయి. కానీ ఆ ఒక్క పంపు ఆగితే రెండూ ఆగుతాయి. ఎర మీద బతుకుతెరువు ఉన్నవాళ్ళు రెండు పంపులే పెట్టుకోవాలి. సరదాకు వెళ్ళేవాళ్ళకు వాల్వు చాలు.

తిప్పి వాడే నీళ్ళతోనే రోజంతా గడపొచ్చా అంటే, ఏప్రిల్ నుంచి జూన్ దాకా కష్టం. తొట్టి గోడల మధ్య థర్మోకోలో ఫోమో నింపి, మూత వేసి, లోపల లేత రంగు వేస్తే కొంత మేలు. ఐసు నేరుగా నీళ్ళలో వేయొద్దు, ఉప్పదనం విరుగుతుంది. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో వేయండి, అదీ ఒక్కొక్కటిగా. ఒక్కసారిగా నాలుగైదు డిగ్రీలు దించితే చేపకు వేడికంటే అదే ఎక్కువ హాని.

ఆక్సిజన్ సిలిండరు గురించి కూడా అడుగుతారు. నెల్లూరు, భీమవరం వైపు రొయ్య పిల్లలను ఆక్సిజన్ నింపిన సంచుల్లో పంపడం చూసినవాళ్ళకు ఆ ఆలోచన రావడం సహజం. పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ పెట్రోలు, నూనె, స్వచ్ఛమైన ఆక్సిజన్ మూడూ ఒకే చిన్న పడవలో ఉండటం నాకు నచ్చదు. సిలిండరు రెగ్యులేటరుకు గ్రీజు చెయ్యి తగలడమే ప్రమాదం, పడవ మీద గ్రీజు అంటని చెయ్యి ఎక్కడుంటుంది?

పంపు సైజు, పైపు సైజు

తొట్టిలో నీళ్ళు గంటకు ఆరు నుంచి ఎనిమిది సార్లు మారాలి. 80 లీటర్ల తొట్టికి గంటకు 480 నుంచి 640 లీటర్లు నిజంగా చేరాలి. పంపు మీద రాసే అంకె ఏ ఎత్తూ, ఏ గొట్టమూ లేకుండా కొలిచినది. ఎత్తు, వంపులు, బ్యాటరీ వోల్టేజీ కలిసి అందులో మూడో వంతు దాకా తినేస్తాయి. అందువల్ల 500 గ్యాలన్ల పంపు, అంటే గంటకు సుమారు 1,900 లీటర్లది, ఇలాంటి తొట్టికి ఆ తరుగు పోగా మిగులుతోనే సరిపోతుంది. 1,100 గ్యాలన్లది తెచ్చి పెడితే ప్రవాహం ఎక్కువై కవళ్ళు దానికి ఎదురీది అలిసిపోతాయి. ప్రవాహం తగ్గించాలనుకుంటే పంపు తరువాత ఉన్న గొట్టానికి వాల్వు పెట్టండి, పంపుకు ముందు కాదు.

చేపల సంఖ్య కూడా ఇక్కడే అనుకోండి. మన వేడికి నాలుగు లీటర్లకు ఒక కవళ్ళ చేప చొప్పున లెక్క వేసుకుంటే మంచిది. మూలలున్న పెట్టె కంటే గుండ్రటి తొట్టి మేలు. గుంపుగా తిరిగే చేప మూలకు ముక్కు కొట్టుకుని పొలుసులు పోగొట్టుకుంటుంది. నీళ్ళు గోడ వెంబడి చుట్టూ తిరిగేలా తొట్టిలోకి వచ్చే గొట్టం నోటిని పక్కకు తిప్పి పెట్టండి.

పాత పడవల్లో అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఓవర్‌ఫ్లో పైపు, అంటే తొట్టి నిండాక నీళ్ళు బయటికి పోయే గొట్టం, దగ్గర. లోపలికి వచ్చే నీళ్ళను పంపు తోస్తుంది, బయటికి వెళ్ళే నీళ్ళను తోసేవాళ్ళెవరూ లేరు, వాటంతట అవే జారాలి. లోపలికి 19 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే బయటికి 38 మిల్లీమీటర్లు వేయండి. వెడల్పు రెట్టింపు అయితే నీళ్ళు పోయే దారి నాలుగింతలవుతుంది. పైగా ఓవర్‌ఫ్లో నోటికి జాలీ ఉంటుంది, జాలీకి పొలుసులు అడ్డం పడతాయి, ఆ నష్టం కూడా ఈ లెక్కలోనే కలవాలి. అది పడవ బయట తెరుచుకునే చోటు నీటి గీతకు పైన ఉండాలి. ఖాళీ పడవ నీటి గీత చూసి గుర్తు పెట్టకండి. మనుషులు, వల, ఐసు పెట్టె, ఇంధనం అన్నీ ఎక్కించాక చూసి గుర్తు పెట్టండి.

ఇంకొక మాట బరువు గురించి. 80 లీటర్లంటే 80 కిలోల పైమాటే, అది ఒక మనిషి బరువు. సగం నిండిన తొట్టిలో నీళ్ళు పడవతోపాటు ఒక పక్కకు పోయి పడవను ఇంకా వంచుతాయి. అలల్లోకి వెళ్ళేటప్పుడు పూర్తిగా నింపండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. తొట్టిని పడవ మధ్య గీత మీదే పెట్టండి.

వాల్వు, గొట్టం, క్లిప్పులు

నీటి గీతకు కింద ఇంట్లో వాడే ఇత్తడి బాల్ వాల్వు పెట్టకండి. సముద్రపు నీళ్ళు ఇత్తడిలోని జింకును మెల్లగా లాగేస్తాయి. పైకి బాగానే కనిపిస్తూ లోపల పొడిపొడిగా మారుతుంది, ఒక రోజు చేతిలోకి ఊడి వస్తుంది. కంచు వాల్వు, లేదా మెరైన్ పనికి చేసిన ఫైబర్ కలిపిన నైలాన్ వాల్వు కొనండి. అల్యూమినియం పడవైతే కంచు కూడా వద్దు, రెండు లోహాలు కలిస్తే పడవే తుప్పుపట్టి పోతుంది, నైలానే వాడండి. తొట్టి లోపల రాగి, జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపులు వద్దే వద్దు. రాగి రొయ్యలకు విషం, జింకు చేపలకు.

ఇంటి ప్లంబింగుకు వాడే తెల్ల పీవీసీ పైపును చాలామంది వాడతారు. ఓవర్‌ఫ్లోకు, గాలి తగిలే చోటుకు పరవాలేదు. పంపు దగ్గర మాత్రం ఇంజను అదురుకు అతుకు దగ్గర పగులుతుంది, అక్కడ వైరు అల్లిన మెత్తటి గొట్టమే ఉండాలి. పారదర్శకంగా ఉండే గొట్టంలో ఎండకు నాచు పడుతుంది, నల్లటిది తీసుకోండి. నీటి గీతకు కింద ప్రతి అతుకుకూ రెండు క్లిప్పులు, అవి 316 రకం (ఉప్పు నీళ్ళను బాగా తట్టుకునే) స్టెయిన్‌లెస్. చెన్నై ప్యారీస్ కార్నర్ హార్డ్‌వేర్ వీధుల్లో కొనేటప్పుడు క్లిప్పు పట్టీతోపాటు స్క్రూ కూడా స్టెయిన్‌లెస్సేనా అని అడిగి, జేబులో అయస్కాంతం ఉంటే తాకించి చూడండి. పట్టీ మెరుస్తూ ఉండి స్క్రూ మామూలు ఇనుముదైన క్లిప్పులు చాలా ఉంటాయి. ఫిటింగు చుట్టూ పాలీయూరితేన్ సీలెంటు వేయాలి. బాత్రూముల్లో వాడే సిలికాన్ నీటి గీతకు కింద నమ్మదగినది కాదు.

కరెంటు

చేత్తో తిప్పి స్టార్టు చేసే డీజిల్ ఇంజన్లలో చాలావాటికి బ్యాటరీని చార్జి చేసే ఏర్పాటు ఉండదు. అంటే ఇంటి దగ్గర నింపిన బ్యాటరీతోనే రోజంతా గడవాలి. 3 ఆంపియర్లు లాగే పంపు ఆరు గంటలు నడిస్తే 18 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి బ్యాటరీ 40 ఆంపియర్ అవర్లకు తక్కువ కాకుండా ఉండాలి. రిచీ స్ట్రీట్‌లో దొరికే 12 వోల్టుల టైమరు పెట్టి, పంపు కాసేపు నడిచి కాసేపు ఆగేలా చేస్తే అవసరం సగానికి తగ్గుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు టైమరు, ఎండ ఎక్కాక ఆగకుండా నడపడం మంచిది. 50 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో ఇంచుమించు ఆ పంపు తాగేంత ఇస్తుంది, చోటుంటే పెట్టుకోండి.

బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఫ్యూజు ఉండాలి. తగరం పూత ఉన్న రాగి వైరు వాడండి, మామూలు రాగి ఉప్పు గాలికి ఒక్క వానాకాలంలోనే ఆకుపచ్చగా మారుతుంది. పడవ అడుగున చేరే నీళ్ళు తోడే పంపును, లైవ్‌వెల్ పంపును ఒకే స్విచ్చికి, ఒకే ఫ్యూజుకు కలపకండి. ఒకటి ప్రాణం కాపాడేది, ఇంకొకటి ఎర కాపాడేది.

ఎప్పుడు చేయాలి

తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో కాసిమేడులో పడవల మరమ్మతులు జోరుగా సాగుతాయి, ఫైబర్ పని చేసేవాళ్ళు దొరకడం కష్టమవుతుంది. మీది నిషేధం వర్తించని చిన్న పడవైతే ఫిబ్రవరి, మార్చిలో పని ముగించుకోండి. వానలు ఉండవు, రెజిన్ చక్కగా ఆరుతుంది, తీరికగా చేసే మనిషి దొరుకుతాడు.

పని అయ్యాక చేపలు వేయకుండా ఒక పూట నడిపి చూడండి. 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండుతుందో కొలిస్తే పంపు నిజంగా ఎంత ఇస్తుందో తెలుస్తుంది. రెండు నిమిషాల లోపు నిండితే 80 లీటర్ల తొట్టికి సరిపోతుంది. ఓవర్‌ఫ్లో జాలీని చేత్తో సగం మూసి, నీళ్ళు పడవలోకి పొర్లుతున్నాయేమో చూడండి. వాల్వు మూసి ఒక రాత్రి వదిలేసి, తెల్లారి ఫిటింగు చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్దండి, తడి తగిలితే మళ్ళీ విప్పాల్సిందే. పడవ దిగి ఇంటికి వెళ్ళేటప్పుడల్లా అడుగు వాల్వు మూసే వెళ్ళండి. తొట్టిని మంచినీళ్ళతో కడిగి, మూత తెరిచి ఆరనివ్వండి.